ఊపిరి మిషన్‌ది, పెత్తనం మాది

1962లో ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రాడికి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సీటొచ్చింది. మార్కులకు లోటు లేదు. చిక్కంతా హాస్టల్ గది దగ్గర వచ్చిపడింది. అతను రాత్రిళ్లు పడుకునేది మంచం మీద కాదు, ఐరన్ లంగ్ అనే ఇనప పీపాలో. దాని బరువు 360 కిలోల పైమాట. అంత బరువు మోయగల గది క్యాంపస్ హాస్టళ్లలో ఎక్కడా దొరకలేదు. చివరికి క్యాంపస్‌లోనే ఉన్న కోవెల్ ఆసుపత్రి బాధ్యతలు చూసే డాక్టర్ హెన్రీ బ్రూయిన్ ఒక ఉపాయం చెప్పాడు. ఆసుపత్రిలో కొంత భాగం ఖాళీగా ఉంది, వచ్చి ఉండమన్నాడు. అయితే రోగిగా కాదు, అక్కడ కాపురముండే విద్యార్థిగా.

అప్పటికి అతని కదలికంతా ఎడమచేతి రెండు వేళ్లలో, ఎడమకాలి వేళ్లలో మాత్రమే మిగిలింది. పద్నాలుగో ఏట పోలియో వచ్చి మెడ కింద నుంచీ పడిపోయాడు. ఈ పిల్లాడు బతికినా కూరగాయతో సమానమని డాక్టరు తల్లితో అన్నాడట. సరే, ఆ కూరగాయేదో ఆర్టిచోక్ అయితే బాగుంటుందనుకున్నానని రాబర్ట్స్ తర్వాత్తర్వాత సభల్లో చెప్పి నవ్వించేవాడు. పైన ముళ్లు, లోపల మెత్తన. హైస్కూలు చదువు ఎక్కువ భాగం ఇంటి నుంచే టెలిఫోన్‌లో సాగింది. చివర్లో బడివాళ్లు సర్టిఫికెట్ ఇవ్వబోమన్నారు. కారణం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది: వ్యాయామం పీరియడూ, కారు నడపడం క్లాసూ పూర్తి చేయలేదట. తల్లి జోనా పోట్లాడి మరీ సాధించింది.

బర్క్‌లీలో ఖర్చులు భరించాల్సింది కాలిఫోర్నియా రాష్ట్ర పునరావాస శాఖ. ఇంత తీవ్రమైన వైకల్యం ఉన్నవాడు ఎన్నటికీ ఉద్యోగం చేయలేడు కనుక అతని మీద డబ్బు పెట్టడం దండగని ఆ శాఖ మొదట తేల్చేసింది. పత్రికలు గొడవ చేశాక దిగొచ్చింది. పదమూడేళ్ల తర్వాత, 1975లో, గవర్నర్ జెర్రీ బ్రౌన్ అదే శాఖకు డైరెక్టరుగా నియమించింది ఎవర్నో కాదు, ఎడ్ రాబర్ట్స్‌నే.

రాబర్ట్స్ కథను పట్టుదల కథగా చెప్పుకోవడం తేలిక. కానీ పట్టుదల కంటే పనికొచ్చేది ఇంకొకటి అందులో ఉంది. ఊపిరి తీసుకోవడానికే మిషన్ కావాల్సిన మనిషి ఆసుపత్రి దాటి తన ఇంట్లో, తన ఇష్టప్రకారం బతకాలంటే మిషన్ కాక ఇంకా ఏమేం కావాలో ముందుగా లెక్కగట్టినవాళ్లలో అతనొకడు. ఇవాళ తెలుగు ఇళ్లలోకి కూడా మాస్కులోంచి గాలి నెట్టే బైపాప్‌లు, ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లు, వెంటిలేటర్లు వచ్చేస్తున్నాయి కాబట్టి ఆ లెక్క మనకూ అవసరమే.

ఐరన్ లంగ్ సంగతి ముందు చూద్దాం. పోలియో వైరస్ వెన్నుపాములోని నరాల కణాలను తింటుంది. కాళ్లూ చేతులూ చచ్చుబడటం మనకు తెలుసు. ఛాతీ కండరాలు, డయాఫ్రం కూడా పడిపోతే ఊపిరితిత్తులు బాగానే ఉన్నా వాటిని కదిపే దిక్కుండదు. 1928లో హార్వర్డ్‌లో ఫిలిప్ డ్రింకర్, లూయీ అగాసీ షా కలిసి దీనికో యంత్రం కట్టారు. మనిషిని పొడవాటి పీపాలో పడుకోబెట్టి తల మాత్రం బయట ఉంచుతారు. మెడ చుట్టూ గాలి పోకుండా రబ్బరు పట్టీ. పీపాలోని గాలిని మోటారు బయటికి లాగితే లోపల పీడనం తగ్గి ఛాతీ తనంతట తాను విచ్చుకుంటుంది, ముక్కులోంచి గాలి లోపలికి వెళ్తుంది. గాలిని మళ్లీ వదిలితే ఛాతీ కుంగి ఊపిరి బయటికొస్తుంది. నిమిషానికి పదిహేను, పదహారు సార్లు, పగలూ రాత్రీ ఇదే వరస. తొలి యంత్రంలోకి ఆ అక్టోబరులో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ఎనిమిదేళ్ల పాపను ఎక్కించారు. 1930ల్లో ఒక ఐరన్ లంగ్ వెల పదిహేను వందల డాలర్లు. ఆ రోజుల్లో అమెరికాలో ఆ డబ్బుకు ఒక మామూలు ఇల్లే వచ్చేది.

పీపాలో ఉన్నంతసేపు చదువుకోవడం కష్టం, బయటికి వెళ్లడం అసలే కుదరదు. అక్కడ పనికొచ్చింది కప్ప విద్య. కప్పకు ఛాతీ పంజరం లేదు. గొంతు ఉబ్బించి గాలిని లోపలికి తోస్తుంది. కొందరు పోలియో రోగులు నాలుకతో, గొంతుతో అచ్చం అలాగే గాలిని గుక్కలు గుక్కలుగా మింగి ఊపిరితిత్తుల్లోకి నెడుతున్నారని 1951లో లాస్ ఏంజెలెస్ దగ్గరి రాంచో లాస్ అమీగోస్ ఆసుపత్రి వైద్యుడు క్లారెన్స్ డేల్ రాశాడు. ఒక్కో గుక్కకు వంద మిల్లీలీటర్లు కూడా పోవు. పది, పన్నెండు గుక్కలు కలిస్తే ఒక ఊపిరి. మధ్యలో నిద్ర పట్టిందా, అంతే సంగతులు. అయినా రాబర్ట్స్ పగలంతా ఈ విద్యతోనే క్లాసులకు వెళ్లాడు. రాత్రికి పీపాలోకి చేరేవాడు.

యంత్రం చిన్నదైన కథ డెన్మార్క్‌ది. 1952 వేసవిలో కోపెన్‌హాగన్‌ను పోలియో ఊడ్చిపెట్టింది. నగరంలో అంటువ్యాధులకు ఉన్నది బ్లెగ్‌డామ్ ఆసుపత్రి. ఊపిరి ఆగిపోతున్న రోగులు డజన్ల కొద్దీ వస్తుంటే అక్కడున్న యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మొదట చేరిన 31 మందిలో 27 మంది మూడు రోజుల్లోపే పోయారు. ఆగస్టు 27న మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ పన్నెండేళ్ల పాప గొంతుకు రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచి నొక్కుతూ గాలిని నేరుగా ఊపిరితిత్తుల్లోకి పంపాడు. ఆపరేషన్ థియేటర్లో రోజూ చేసే పనే. వార్డులో అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఆ పాప బతికింది. ఇక మిగిలినవాళ్లకు సంచి నొక్కేదెవరు? సుమారు పదిహేను వందల మంది వైద్య విద్యార్థులు, దంత వైద్య విద్యార్థులు వంతులేసుకుని నెలల తరబడి చేత్తో నొక్కారు. ఇవాళ ఐసీయూ అన్నా, వెంటిలేటర్ అన్నా మూలం ఆ వార్డే. శరీరం మొత్తాన్ని పీపాలో పెట్టక్కర్లేదనీ, ఒక గొట్టం చాలనీ తేలాక యంత్రం మంచం పక్కన స్టూలు మీదికొచ్చింది.

స్టూలు మీద పట్టే యంత్రం ఇంట్లో పట్టదా? ఈ ప్రశ్న వేసినవాడు రాబిన్ కావెండిష్ అనే ఇంగ్లిషువాడు. కెన్యాలో తేయాకు వ్యాపారం చేసేవాడు. 1958 చివర్లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, భార్య డయానా నిండు గర్భిణిగా ఉండగా పోలియో వచ్చి మెడ కింద నుంచి పడిపోయాడు. గొంతులో గొట్టం, పక్కన వెంటిలేటర్. ఎన్నో నెలలు బతకడన్నారు. ఇంగ్లండుకు తీసుకొచ్చి ఆసుపత్రిలో పెడితే, ఇక్కడే ఉంటే చచ్చిపోతాను, నన్ను ఇంటికి తీసుకుపో అని భార్యను అడిగాడు. డాక్టర్లు వద్దన్నారు. ఆమె గొట్టం శుభ్రం చేయడం, యంత్రం చూసుకోవడం నేర్చుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఇల్లు చేరగానే ఇంకో చిక్కు. గొట్టం ఎంత దూరం సాగితే అంతే లోకం. కావెండిష్‌కు ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఒకాయన స్నేహితుడు, టెడ్డీ హాల్. ఆదిమానవుడిదని నమ్మిన పిల్ట్‌డౌన్ పుర్రె దొంగదని తేల్చిన పరిశోధకుల్లో ఆయనొకడు. ఆయన చక్రాల కుర్చీలోనే బ్యాటరీతో నడిచే శ్వాసయంత్రాన్ని అమర్చాడు. కావెండిష్ తోటలోకొచ్చాడు, వ్యానెక్కాడు, ఊళ్లు తిరిగాడు. ఊరుకోకుండా ఇలాంటి కుర్చీలు మిగతావాళ్లకూ కావాలని ప్రభుత్వం వెంటపడి డబ్బు మంజూరు చేయించాడు. నెలల్లో పోతాడన్నవాడు 1994 దాకా, అంటే 64 ఏళ్లు వచ్చేదాకా బతికాడు. ఆ గర్భంలోని పిల్లాడు జొనాథన్ పెద్దయి సినిమా నిర్మాత అయ్యాడు. 2017లో తల్లిదండ్రుల కథనే 'బ్రీద్' పేరుతో తీయించాడు.

అదే కాలంలో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో రెజ్ మేలింగ్ అనే ఆయన పాసమ్ అనే పరికరం చేశాడు. నోటి దగ్గర ఒక సన్నని గొట్టం. ఊదితే ఒక పని, పీలిస్తే ఇంకో పని. లైటు వేయడం, గంట కొట్టడం, ఫోన్ ఎత్తడం, చివరికి టైపు కొట్టడం. చూడ్డానికి చిన్న విషయం. కానీ మంచం మీదున్న మనిషికి లైటు ఎప్పుడు ఆర్పాలో తాను చెప్పగలగడమంటే ఏమిటో, ఎవరో వచ్చి ఆర్పి వెళ్లిపోతే తెల్లార్లూ చీకట్లోకి చూస్తూ పడుకున్నవాళ్లకు తెలుస్తుంది.

ఇక బర్క్‌లీకి వద్దాం. కోవెల్ ఆసుపత్రిలో రాబర్ట్స్ ఒంటరిగా మిగల్లేదు. రెండో ఏడు జాన్ హెస్లర్ వచ్చి చేరాడు, తర్వాత ఇంకొందరు. 'రోలింగ్ క్వాడ్స్' అని తమకు తామే పేరు పెట్టుకున్న ఆ జట్టు రాత్రిళ్లు కూర్చుని మాట్లాడుకున్న విషయాలు చాలావరకు సహాయకుల గురించే. ఎవర్ని పెట్టుకోవాలి, జీతమెవరివ్వాలి, రాకపోతే ఏం చేయాలి, దురుసుగా ఉంటే ఎలా పంపేయాలి. ఆసుపత్రిలో నర్సును రోగి మార్చలేడు. ఇక్కడ సహాయకుణ్ణి పనిలో పెట్టుకునేదీ, మాన్పించేదీ మంచం మీదున్నవాడే. యజమాని మారిపోయాడు.

వాళ్లు తేల్చిన ఇంకో లెక్క కూడా ఉంది. ఒకడు రెండు గంటలు తంటాలుపడి తన చొక్కా తానే తొడుక్కుని, అలసిపోయి ఇంట్లోనే కూలబడ్డాడనుకుందాం. ఇంకొకడు మనిషిని పెట్టుకుని పావుగంటలో తయారై కాలేజీకి పోయాడు. ఎవరు స్వతంత్రుడు? పునరావాస కేంద్రాలన్నీ అప్పటిదాకా మొదటివాడి వీపు తట్టేవి. బర్క్‌లీ కుర్రాళ్లు రెండోవాడే అన్నారు. తన పని తాను చేసుకోవడం కాదు, తన పని ఎప్పుడు, ఎలా, ఎవరి చేత జరగాలో తాను చెప్పగలగడమే స్వతంత్రమన్నారు. 1970లో విశ్వవిద్యాలయంలోనే వికలాంగ విద్యార్థుల కోసం ఒక విభాగం మొదలైంది. సహాయకుల జాబితా, కుర్చీల మరమ్మతు, ర్యాంపులున్న అద్దె ఇళ్ల వేట దాని పనులు. 1972లో అదే పద్ధతిలో ఊరివాళ్ల కోసం స్వతంత్ర జీవన కేంద్రం వచ్చింది. ఇలాంటి కేంద్రాలు ఇవాళ అమెరికాలో వందల సంఖ్యలో ఉన్నాయి. నడిపేవాళ్లలో సగానికి పైగా వికలాంగులే ఉండాలన్నది అక్కడి చట్టం.

మోటారు కుర్చీ విషయంలో రాబర్ట్స్ చెప్పిన ముచ్చట ఒకటుంది. ఈ రెండు వేళ్లతో మోటారు కుర్చీ నడపడం నీవల్ల కాదని వైద్యులు ఏళ్ల తరబడి అంటే, కాబోలనుకున్నాడు. ఇంతలో ప్రేమలో పడ్డాడు. ప్రియురాలితో షికారు వెళ్తే కుర్చీ తోసే మనిషి వెనకే ఉంటాడు. ఎంత ఓపిక పట్టినా ఇది కుదిరే పని కాదని ఒకరోజు మోటారు కుర్చీ ఎక్కి కూర్చున్నాడు, ఒక్క రోజులో నేర్చేసుకున్నాడు. ఆయన 1995లో చనిపోయాడు. ఆయన వాడిన మోటారు కుర్చీ ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

మిషన్ చిన్నదైనా పాత పీపాను వదలనివాళ్లు కొందరుండేవాళ్లు. డల్లాస్ నివాసి పాల్ అలెగ్జాండర్ 1952లో, ఆరేళ్ల వయసులో ఐరన్ లంగ్ ఎక్కాడు. 2024 మార్చిలో, 78వ ఏట చనిపోయేదాకా అదే అతని పడకగది. కప్ప విద్య నేర్పిన ఫిజియోథెరపిస్టు, మూడు నిమిషాలు పీపా బయట ఉండగలిగితే కుక్కపిల్లను ఇస్తానని ఆశపెట్టింది. ఏడాది పట్టింది, కుక్కపిల్ల వచ్చింది. తర్వాత గంటల తరబడి బయట ఉండగలిగాడు. 1984లో టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా తీసుకుని, సూటు వేసుకుని, ఒళ్లు నిలబెట్టి ఉంచే ప్రత్యేక కుర్చీలో కోర్టుకు వెళ్లి వకీలుగా పనిచేశాడు. నోట్లో పుల్ల పట్టుకుని ఒక్కో అక్షరం కొడుతూ ఆత్మకథ రాశాడు. అతన్ని ముప్పై ఏళ్లకు పైగా కనిపెట్టుకుని ఉన్న సహాయకురాలు పత్రికా ప్రకటన చూసి పనిలో చేరింది. ఆమెకు చూపు చాలా తక్కువ. ఇద్దరూ కలిసి ఇల్లు నడిపారు.

అలెగ్జాండర్ యంత్రానికి శత్రువు రోగం కాదు, తుప్పు. తయారుచేసే కంపెనీలు ఎన్నడో మానేశాయి, విడిభాగాలు లేవు. గాలి కారడం మొదలయ్యాక, బాగుచేసేవాళ్లెవరైనా ఉంటే రమ్మని ఇంటర్నెట్‌లో వీడియో పెట్టించాడు. డల్లాస్‌లోనే యంత్రాలు పరీక్షించే వర్క్‌షాపున్న ఒకాయన ముందుకొచ్చి, పాత ఐరన్ లంగులు వెతికి తెచ్చి, ఒకదాన్ని విప్పి కొత్తదానిలా బిగించిపెట్టాడు. పాతదే కాదు, కొత్త యంత్రమైనా ఇదే గతి పట్టొచ్చు. 2021 జూన్‌లో ఒక పెద్ద కంపెనీ తన బైపాప్, సీపాప్ యంత్రాల్లో, కొన్ని వెంటిలేటర్లలో చప్పుడు తగ్గించే స్పాంజి అరిగి పొడి రాలొచ్చని లక్షల యంత్రాలను వెనక్కి పిలిచింది. ఈ రాత్రి ఆపేస్తే ఊపిరాడదు, వాడితే ఏమవుతుందో తెలియదు. ప్రపంచవ్యాప్తంగా జనం మాస్కు చేత్తో పట్టుకుని ఆలోచనలో పడ్డారు.

యంత్రం బాగున్నా కరెంటు ఉండాలి. ఇది చెప్పడానికి డయాన్ ఓడెల్ పేరు చాలు. టెనెసీ రాష్ట్రంలోని జాక్సన్ దగ్గర తల్లిదండ్రుల ఇంట్లో ఆమె దాదాపు అరవై ఏళ్లు ఐరన్ లంగ్‌లో బతికింది. 2008 మే 28 తెల్లవారుజామున కరెంటు పోయింది. ఇంట్లో జనరేటర్ ఉంది, స్టార్ట్ కాలేదు. ఇంటివాళ్లు యంత్రానికి ఉన్న చేతి పంపుతో శాయశక్తులా ప్రయత్నించారు. ఆమె దక్కలేదు. 2019 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చు భయంతో కరెంటు కంపెనీ లక్షల ఇళ్లకు సరఫరా ఆపినప్పుడు, ఇంట్లో ఊపిరి యంత్రాలున్నవాళ్లు కరెంటున్న హోటల్ ఎక్కడుందా అని పరుగులు తీశారు. ఆ తర్వాత బ్యాటరీ పెట్టెలు ఇళ్లకు పంచే పని పెట్టుకున్నవాటిలో స్వతంత్ర జీవన కేంద్రాలూ ఉన్నాయి.

డబ్బు సంగతి మరీ విచిత్రం. కేటీ బెకెట్ 1978లో అయోవా రాష్ట్రంలో పుట్టింది. నెలల పసికందుగా ఉండగానే మెదడువాపు వచ్చి వెంటిలేటర్ మీదికి వెళ్లింది. మూడేళ్లొచ్చేసరికి ఇంటికి పంపొచ్చన్నారు డాక్టర్లు. కానీ ప్రభుత్వ వైద్య పథకం నిబంధన ప్రకారం ఆసుపత్రిలో ఉంటేనే ఖర్చు భరిస్తారు. ఇంటికెళ్తే తల్లిదండ్రుల జీతం లెక్కలోకొచ్చి సాయం ఆగిపోతుంది. ఇంటి దగ్గరైతే ఖర్చు ఆసుపత్రి ఖర్చులో ఆరో వంతే అయినా సరే, నిబంధన నిబంధనే! 1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ ఈ పిల్ల కథను ప్రెస్‌మీట్‌లో చెప్పి తన ప్రభుత్వ నిబంధన మీద తానే విరుచుకుపడ్డాడు. క్రిస్మస్‌కు పాప ఇల్లు చేరింది. ఆమె పేరుతో వచ్చిన మినహాయింపు వల్ల తర్వాత లక్షల మంది పిల్లలు ఇళ్లలో పెరిగారు. కేటీ కాలేజీ చదివి, తనలాంటివాళ్ల హక్కుల కోసం పనిచేసి, 2012లో 34వ ఏట కన్నుమూసింది.

స్టీఫెన్ హాకింగ్‌కూ ఇదే ఎదురైంది. 1985లో జెనీవాలో న్యుమోనియా వచ్చినప్పుడు వెంటిలేటర్ ఆపేయమంటారా అని డాక్టర్లు అడిగితే భార్య జేన్ ఒప్పుకోలేదు. గొంతుకు రంధ్రం పడి మాట పోయింది. ఇరవైనాలుగు గంటలూ నర్సు ఉండాలి. ఇంటి దగ్గర వారానికి కొన్ని గంటల సాయమే బ్రిటిష్ ప్రభుత్వ వైద్యం ఇవ్వగలనంది. మిగతా ఖర్చుకు అమెరికాలోని ఒక ఫౌండేషన్ ముందుకొచ్చింది కాబట్టి ఆయన కేంబ్రిడ్జిలోని ఇంట్లో ఉండగలిగాడు. 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్' పూర్తయింది ఆ తర్వాతే.

మన దగ్గర ఇంటికి మిషన్ రావడమనేది 2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ విజృంభించినప్పుడు, ఒక్కసారిగా వీధి వీధికీ తెలిసొచ్చింది. అప్పటిదాకా పేరే వినని కాన్సెంట్రేటర్ కోసం హైదరాబాద్‌లో, విజయవాడలో జనం రాత్రిళ్లు ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. నిజానికి అది ఆక్సిజన్ తయారుచేయదు. మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంది, మిగతాది చాలావరకు నైట్రోజన్. పెట్టెలో ఉన్న జియోలైట్ గుళికలు నైట్రోజన్‌ను పట్టేసుకుని, 90 శాతం పైన ఆక్సిజన్ ఉన్న గాలిని వదులుతాయి. సిలిండరులా అయిపోవడమన్నది ఉండదు, కానీ కరెంటు లేనిదే క్షణం నడవదు. కోవిడ్ పోయాక ఆ పెట్టెలు ఊపిరితిత్తులు గట్టిపడ్డ పెద్దవాళ్ల గదుల్లో స్థిరపడ్డాయి. కండరాల క్షీణత ఉన్న పిల్లలకు రాత్రిపూట బైపాప్ మాస్కు, ప్రమాదంలో మెడ విరిగినవాళ్లకు గొంతులో ట్యూబుతో వెంటిలేటర్ ఇప్పుడు కొత్త కాదు. ఇంటికే ఐసీయూ తెస్తామనే సంస్థలు హైదరాబాద్‌లో వెలిశాయి.

అలాంటి గదిలో ఒక రాత్రి ఎలా ఉంటుంది? మంచం తలవైపు వెంటిలేటర్, దాని పక్కన నీళ్లు పోసే హ్యుమిడిఫయర్. పొడిగాలి వెళ్తే కఫం గట్టిపడి ట్యూబు మూసుకుంటుంది కాబట్టి దాంట్లో డిస్టిల్డ్ వాటర్ మట్టం చూస్తూ ఉండాలి. కింద సక్షన్ మిషన్. గొంతులో గురగుర మొదలైతే గ్లవ్స్ వేసుకుని, సన్నని ట్యూబు లోపలికి పంపి, పది పదిహేను సెకన్లలో కఫం లాగి బయటికి తీసేయాలి. ఆ కాసేపూ ఆ మనిషికి ఊపిరి అందదు. అందుకే పని తెలిసినవాళ్లు తామూ ఊపిరి బిగబట్టి చేస్తారు. మంచం కొక్కేనికి అంబు బ్యాగ్ వేలాడుతుంటుంది. అన్నీ ఆగిపోతే చేత్తో నొక్కడానికి, డెబ్బై ఏళ్ల కిందట కోపెన్‌హాగన్ విద్యార్థులు నొక్కినట్టే. అలారం రాత్రిలో ఎన్నోసార్లు మోగుతుంది. ఎక్కువసార్లు పైపు ఊడటమో, మడత పడటమో. ఏ కూతకు ఏ అర్థమో ఇంట్లోవాళ్లకు నెల తిరక్కుండానే చెవికి పట్టేస్తుంది.

ఆ ఇంట్లోవాళ్లంటే ఎవరు? నూటికి తొంభై ఇళ్లలో భార్యో, తల్లో, కోడలో అని చెప్పడానికి సర్వే అక్కర్లేదు. డబ్బున్నచోట ఏజెన్సీ పంపిన అటెండెంట్ ఉంటాడు, పన్నెండు గంటల డ్యూటీ. పండక్కి ఊరెళ్లాడంటే తిరిగొచ్చేదాకా నమ్మకం లేదు. ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరితే చెల్లిస్తుంది. డిశ్చార్జి అయ్యాక మందులకు, పరీక్షలకు సాధారణంగా 60 రోజులో, 90 రోజులో ఇస్తుంది. ఏళ్ల తరబడి ఇంట్లో నడిచే వెంటిలేటర్ అద్దె, అటెండెంట్ జీతం చాలా పాలసీల ఊహకు అందనివి. కేటీ బెకెట్ తల్లిదండ్రులు 1981లో తలకొట్టుకున్న గోడ ఇక్కడ ఇంకా చెక్కుచెదరకుండా ఉంది.

కాగితం మీద చట్టముంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సమాజంలో అందరితోపాటు బతికే హక్కును గుర్తించింది. అధిక సహాయం అవసరమైనవాళ్లు దానికోసం దరఖాస్తు చేసుకోవచ్చని 38వ సెక్షన్ చెబుతోంది. కండరాల క్షీణత ఆ చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పూర్తిగా మంచాన పడ్డ వికలాంగులకు నెలకు 15 వేల పింఛను వస్తోంది. అంతకుముందు ఐదు వేలే. చిన్న మార్పు కాదది. పల్లెటూళ్లో పగటిపూట ఒక మనిషిని పెట్టుకోవడానికి ఆ డబ్బు సరిపోవచ్చు. మనిషికి ఆ పని నేర్పేదెవరన్నది మాత్రం ఎవరూ పట్టించుకోని ప్రశ్న.

కరెంటు లెక్క ఎవరికి వాళ్లు వేసుకోవాల్సిందే. ఐదు లీటర్ల కాన్సెంట్రేటర్ 350 వాట్ల దాకా లాగుతుంది. ఇంట్లో ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టించుకున్న 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైతే, మిగతావన్నీ ఆపేస్తే, మూడు నాలుగు గంటలు. బైపాప్ చాలా తక్కువ తింటుంది, రాత్రంతా వస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను కొట్టాక విశాఖలో కరెంటు తిరిగి రావడానికి చాలా చోట్ల రోజులు పట్టింది. అలాంటప్పుడు ఏ ఇన్వర్టరూ ఆదుకోదు. నిండు సిలిండర్ ఒకటి మూలన ఉండి తీరాలి. ఆస్ట్రేలియాలో ప్రాణాధార యంత్రమున్న ఇల్లని నమోదు చేసుకుంటే, మరమ్మతు కోసం కరెంటు తీసే ముందు కంపెనీ కనీసం నాలుగు పనిదినాల ముందు చెప్పి తీరాలి. బ్రిటన్‌లోనూ అలాంటి ఇళ్లకు ప్రత్యేక జాబితా ఉంది. మన దగ్గర ఉన్నది లైన్‌మన్ ఫోన్ నంబరు, దసరా మామూలు. ఎగతాళికి అనడం లేదు. చాలా ఇళ్లలో అదే పనిచేస్తోంది.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో ఇంకో యంత్రం కూడా ఉంటుంది, సీసీ కెమెరా. డల్లాస్‌లో కూర్చుని గుంటూరులో నాన్న ఆక్సిజన్ శాతం చూస్తారు, అటెండెంట్ నిద్రపోతే ఫోన్ చేసి లేపుతారు. వాళ్ల బెంగ వాళ్లది, తప్పుపట్టలేం. కానీ స్పాంజి స్నానం చేయించేటప్పుడు కూడా కెమెరా తిరుగుతూనే ఉందన్న సంగతి, అసలు ఆ కెమెరా పెట్టాలా వద్దా అన్న సంగతి ఆ పెద్దాయన్ను ఎవరైనా అడిగారా? బర్క్‌లీ కుర్రాళ్లు అరవై ఏళ్ల కిందట ఆసుపత్రిలోంచి గుంజుకున్న పెత్తనం ఇక్కడ నర్సు చేతిలోంచి కొడుకు చేతిలోకి పోయింది, అంతే. ఏం తినాలి, ఎప్పుడు తిప్పి పడుకోబెట్టాలి, చుట్టాలొస్తే మాస్కు తీయాలా ఉంచాలా, టీవీలో ఏం పెట్టాలి, అన్నిటికీ మంచం మీదున్న మనిషి తలమీదుగా జవాబులు నడుస్తుంటాయి.

దీనికి డబ్బుతో పనిలేని మందొకటుంది, ఇంటి వెంటిలేటర్లతో పనిచేసే నర్సులు చెప్పేదే. మంచం దగ్గర గోడకు ఒక కాగితం అంటించాలి. సగం కాగితంలో మిషన్ సెట్టింగులు, ట్యూబు సైజు, అంబు బ్యాగ్ ఎక్కడుంది, సిలిండర్ తెచ్చే కుర్రాడి నంబరు, మిషన్ సర్వీసు నంబరు, లైన్‌మన్ నంబరు. ఇవి డాక్టరో, నర్సో రాస్తారు. మిగతా సగం రోగి చెబుతుంటే రాయాలి. మాట రాకపోతే అక్షరాల పలక పట్టుకుని కళ్లతో చెప్పించుకునైనా రాయాలి. ఎడమవైపు తిప్పితే భుజం నొప్పి. సక్షన్‌కు ముందు చెప్పి చేయాలి. ఆరింటికి కిటికీ తెరవాలి. కొత్త అటెండెంట్ వచ్చిన రోజు మొదట చదవాల్సింది రెండో సగం.